ఆదివారం ఏమీ అడగకూడదు

మొన్న ఒక ఆదివారం పొద్దున్న, సిటీలో ఓ సూపర్ మార్కెట్టు పైన మూడో అంతస్తులో ఉన్న ప్రార్థన హాల్లో, నా పక్కన కూర్చున్నావిడ నన్ను మోచేత్తో పొడిచి, "మీ ప్రేయర్ రిక్వెస్ట్ ఏంటి సిస్టర్?" అని అడిగింది. వేదిక మీద ఒకాయన మైకు పట్టుకుని దేవుణ్ణి వరసపెట్టి అడుగుతున్నాడు. ఒకరికి ప్రమోషను, ఒకరికి డబుల్ బెడ్రూము, ఒకరి పిల్లాడికి ఇంజనీరింగ్ సీటు. ప్రతిదాని చివరా "ఇప్పుడే ప్రభువా, ఇప్పుడే" అంటున్నాడు. టిఫిన్ సెంటర్లో టోకెన్ పట్టుకుని నిలబడ్డవాడు కూడా దోసె కోసం అంత తొందరపెట్టడు.

"ఇవాళ ఆదివారం కదండీ," అన్నాను.

"ఆదివారమైతే?"

దానికి నా దగ్గర చిన్న జవాబు లేదు. పెద్ద జవాబు చెబితే ఇంటి దగ్గర ఆవిడ బిర్యానీ చల్లారిపోతుంది. అందుకని "అందరూ బాగుండాలండీ" అనేసి తప్పించుకున్నాను. పెద్ద జవాబు ఇది.

మా పేట కాలవ గట్టుకి దిగువన ఉండేది. అవతల గట్టు మీద రైతుల డాబాలు, కొబ్బరి తోటలు. ఇవతల మా ఇళ్ళు, మా బడి, మా మందిరం. మా ముత్తాతల కాలంలో మావాళ్ళు అవతలి గట్టు వాళ్ళ చేలల్లో పనిచేసేవారట. తాతగారి కాలం వచ్చేసరికి వాళ్ళ పిల్లలకి మావాళ్ళు ఎక్కాలు చెబుతున్నారు. తాతగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు గానీ ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంట్లో అన్నానికి కూడా మేం ఎత్తుల వారీగా వరసలో కూర్చునేవాళ్ళం.

మందిరమంటే గోపురాలూ గంటలూ ఊహించుకోకండి. పెంకులు కప్పిన పొడుగాటి గది. బొమ్మల్లేవు, సిలువ లేదు, పాదిరిగారు కూడా లేరు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద ఒకటే రొట్టె, ఒకటే గిన్నె. చుట్టూ చాపలు. మగవాళ్ళు ఒక పక్క, తలమీద చెంగు కప్పుకుని ఆడవాళ్ళు ఒక పక్క. గుమ్మం దగ్గర, విడిగా, అంచులు చిరిగిన చాప ఇంకొకటి ఉండేది. సంఘం బల్లకి దూరం పెట్టినవాళ్ళు అక్కడ కూర్చోవాలి. రొట్టె వాళ్ళ దాకా వెళ్ళదు. తాగుడో, దెబ్బలాటో, ఇంకొకటో చేసి పట్టుబడ్డవాళ్ళన్నమాట. పట్టుబడనివాళ్ళు ముందు చాపల మీదే కూర్చునేవారు.

ఆ మందిరంలో అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఏమిటంటే, ఆదివారం పొద్దున్న కూడికలో దేవుణ్ణి ఏమీ అడగకూడదు. అది ఆరాధన. ఆయన ఎంత పరిశుద్ధుడో చెప్పుకోవాలి, మనం ఎంత కాదో తెలుసుకోవాలి, ప్రభువు శరీరానికి గుర్తుగా రొట్టె విరుచుకోవాలి, ఇంటికి వెళ్ళాలి. అడగడానికి గురువారం సాయంత్రం వేరే కూడిక ఉంది. జ్వరాలు, పరీక్షలు, అల్లుళ్ళు, కోర్టు వాయిదాలు అన్నీ గురువారానివే. దూరం పెట్టినవాళ్ళని మళ్ళీ బల్లకి చేర్చుకోమని సంఘాన్ని అడగాలన్నా గురువారమే అడగాలి.

తాతగారు ఆ సంఘానికి పెద్ద. ఈ కట్టుబాటుని ఆయన పుట్టించలేదు గానీ, పెంచి పెద్దచేసింది మాత్రం ఆయనే.

"పరలోకంలో దూతలే ఆయన ఎదట మొహాలు కప్పుకుంటారు. నువ్వెళ్ళి నీ మోకాళ్ళ నెప్పులు చెబుతావా?" అనేవారు. ఇంకా అర్థంకాని మొహాలు కనిపిస్తే, "కలెక్టరు గారింటికి పెళ్ళికెళ్ళి రేషన్ కార్డు అడుగుతామా? ఎంత అవసరమైనా సరే, అడుగుతామా?" అనేవారు.

"అడగమండీ," అనేవారు జనం. వాళ్ళలో సగం మంది అడిగేవాళ్ళే.

ఒకసారి దింపుల తాత అడిగేశాడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే ముసలాయన, పిల్లలమందరం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. ఆదివారం ఆరాధనలో లేచి, పరిశుద్ధుడవు తండ్రీ అని బాగానే మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యేసరికి, "మా గేదె మేత ముట్టట్లేదు ప్రభువా" అన్నాడు. తాతగారు కళ్ళు తెరవలేదు. గొంతెత్తి పాట అందుకున్నారు. సంఘమంతా ఆ పాటలో కలిసింది. దింపుల తాత గేదె ఆ పాట కింద పడి నలిగిపోయింది. ఆయన కాసేపు నోరు తెరుచుకుని నిలబడి, తనూ ఆ పాటే పాడుతూ కూర్చున్నాడు. గురువారం అందరం కలిసి ఆ గేదె కోసం చాలా శ్రద్ధగా ప్రార్థించాం. అప్పటికి అది చచ్చి ఒక పూటయింది. ఆ సంగతి చెప్పి కూడికని పాడుచెయ్యడం ఎందుకని దింపుల తాత ఊరుకున్నాడట.

రొట్టె చెయ్యడం మా నాయనమ్మ వంతు. శనివారం మధ్యాహ్నం తలస్నానం చేసి, తలమీద చెంగు వేసుకుని, మాట్లాడకుండా పిండి కలిపేది. ఉప్పు లేదు, పులుపు లేదు, నూనె చుక్క లేదు. పెనం మీద అది కాలుతుంటే వచ్చే వాసన మాత్రం ఎలా ఉండేదంటే, మేం పిల్లలం వంటింటి గుమ్మంలో కుక్కపిల్లల్లా కూలబడేవాళ్ళం. పక్క పొయ్యి మీద, బల్ల మీది గిన్నెలోకని, నల్ల ఎండుద్రాక్ష ఉడికి బెల్లంపాకంలా ఘుమఘుమలాడేది. చిటికెడు పిండి అడిగితే నాయనమ్మ కళ్ళతోనే కొట్టేది. మర్నాడు రొట్టె విరిచేదాకా ఇంట్లో పెద్దలెవరూ పచ్చినీళ్ళు ముట్టరు. పిల్లలకి చల్దన్నం. అవతలి గట్టు నుంచి ఆదివారం కోడికూర వాసన కాలవ దాటి మందిరంలోకి వచ్చేది. పరిశుద్ధతకి అంత గట్టి పరీక్ష నేనింకెక్కడా చూడలేదు.

మా బాబాయి గుమ్మం దగ్గర చాప మీద కూర్చునేవాడు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది తాతగారే. గురువారం కూడికలో లేచి, "నా చిన్న కొడుకు తాగుతున్నాడు. వాణ్ణి బల్లకి దూరం పెట్టండి" అని తనే చెప్పారు. అంత న్యాయం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. నాయనమ్మ ఏం వేసుకుందో ఎవరూ చూడలేదు.

బాబాయి రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు. ఇంటికొస్తే బురద, బీడీ, సారా కలిసిన వాసనొకటి ఆయనకంటే ముందొచ్చేది. అయినా ఇంట్లో నవ్వు ఉండేదంటే ఆయన ఉన్న రోజునే. నా నోటి దూల ఆయన పెట్టిన ఆస్తే, ఇంకేమీ పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం అరటి చెట్ల వెనకాల మేం పిల్లలం బల్ల ఆట ఆడుతున్నాం. రెండు ఇటుకలు, వాటి మీద తాతగారి ఉతికిన చేతిరుమాలు, దాని మీద ఒక బిస్కెట్టు, స్టీలు గ్లాసులో రంగు షర్బతు. పెద్దదాన్ని గనక సంఘ పెద్దని నేనే. నా తాటి బుర్ర బండి విరగ్గొట్టినందుకు మా తమ్ముణ్ణి దూరం పెట్టి గోనెపట్టా మీద కూర్చోబెట్టాను. బాబాయి వచ్చి చూసి, వాడి పక్కన గోనెపట్టా మీద చతికిలబడ్డాడు.

"నన్నెక్కడ కూచోమంటారండీ పెద్దగారూ?" అన్నాడు నన్ను.

"నువ్వక్కడే."

"ఇక్కడ కూడానా," అన్నాడు. "ముందుకి రావాలంటే ఏం చెయ్యాలండీ?"

"లేచి నిలబడి ఒప్పుకోవాలి."

లేచాడు. కొంచెం తూలి, అరటిబోదె పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చేతులు కట్టుకుని, "తాగేనండి. నిన్న తాగేను, మొన్న తాగేను. రేపటి సంగతి ఇప్పుడే చెప్పలేనండి, అబద్ధమైపోద్ది" అన్నాడు. ఇంత నిజాయితీగల ఒప్పుకోలు మా మందిరంలో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను క్షమించేశాను. బిస్కెట్టు విరిచి ముక్క ఇచ్చాను. ఆయన రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. తినలేదు. అలా పట్టుకుని చూస్తున్నాడు. భలే నటిస్తున్నాడనుకున్నాను.

వెనక తాతగారు ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు.

"పిల్లలు తెలియక ఆడుతున్నారు," అన్నారు బాబాయితో. "నీకేమైందిరా?"

"నేనూ తెలియకేనండి నాన్నగారూ."

తాతగారు వంగి, బిస్కెట్టు పక్కన పెట్టి, రుమాలు దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "దేవుడితో ఆటలొద్దు," అన్నారు. ఆ మాట మాకో బాబాయికో తెలీలేదు. మాకు ఆ పూట అన్నం ఆలస్యంగా పెట్టారు. బాబాయి అన్నానికి రాలేదు. చేతిలో ముక్క ఏం చేశాడో నాకు తెలీదు.

ఆ తరవాతి వానల్లో బాబాయి కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోయించారు, చేతి మీద కాల్పించారు, అమలాపురంలో చూపించారు, కాకినాడ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఇంటికి తీసుకెళ్ళి ఆయనకి ఇష్టమైంది పెట్టండి" అన్నాడట. "నాకిష్టమైందే కదండీ ఇక్కడిదాకా తెచ్చింది," అన్నాడట బాబాయి. డాక్టరు నవ్వలేదని తిరిగొచ్చాక నాకు చెప్పి బాధపడ్డాడు.

వసారాలో నవారు మంచం వేశారు. కాళ్ళు అరటిబోదెల్లా వాచాయి, తక్కిన మనిషి అరిగిపోయాడు. మా అమ్మ జావ తాగించేది. నేను విసనకర్రతో విసిరేదాన్ని. ఈగలు ఆయన్ని వదిలేవి కావు. "ఇవి మన సంఘం కాదే, నన్ను దూరం పెట్టలేదు," అనేవాడు.

ఆ శనివారం నాయనమ్మ రొట్టె కాలుస్తుంటే వాసన వసారాలోకి వచ్చింది. బాబాయి అన్నం వాసనకే వాంతి చేసుకుంటున్నాడు అప్పటికి. అలాంటివాడు మెడ తిప్పి, "అమ్మా, రేపు నాకో ముక్క తెచ్చిపెడతావా?" అన్నాడు. తరవాత నా వైపు చూసి, "బిస్కెట్టు కాదే, అసలుది" అన్నాడు.

నాయనమ్మ పెనం పొయ్యి మీదే వదిలేసి తాతగారి దగ్గరికి వెళ్ళింది. నేనూ విసనకర్రతో సహా వెనకాలే వెళ్ళాను. తాతగారు పడక్కుర్చీలో బైబిలు చదువుకుంటున్నారు.

"రేపు అడగండి," అంది నాయనమ్మ.

"ఏం అడగాలి?"

"వాణ్ణి చేర్చుకోమని అడగండి. మంచాన పడ్డవాళ్ళకి రొట్టె ముక్క ఇంటికి పంపుతాం కదా. వాడికీ పంపమనండి."

"బల్లలో ఉన్నవాళ్ళకి పంపుతాం." తాతగారు కళ్ళజోడు తీశారు. "గురువారం అడుగుతాను. ఒప్పుకుంటారు. వచ్చే ఆదివారం నేనే తీసుకొస్తాను వాడికి."

"వచ్చే ఆదివారం దాకా ఉంటాడాండి వాడు?"

తాతగారు కళ్ళజోడు పంచె అంచుతో తుడుస్తున్నారు.

"మీరు సంఘాన్ని అడగలేకపోతే దేవుణ్ణే అడగండి. నలుగురూ వింటారు. ఎవరూ కాదనరు."

"ఆరాధనలోనా?"

"అయితే ఏం?"

"అందరి నోళ్ళూ మూయించేను. ఇప్పుడు నా కొడుకని నేను..." అని ఆగిపోయారు. "ఆయన పరిశుద్ధత నా కొడుకు కోసం తగ్గదు కదే."

"తగ్గమని ఎవరన్నారండీ? ఓ ముక్క రొట్టె అడుగుతున్నాను," అంది నాయనమ్మ. వంటింట్లో రొట్టె మాడింది. మళ్ళీ పిండి కలపాల్సొచ్చింది.

మర్నాడు అమ్మని బాబాయి దగ్గర ఉంచి మేమంతా మందిరానికి వెళ్ళాం. నేను నాయనమ్మ పక్కన కూర్చున్నాను. గుమ్మం దగ్గరి చాప ఖాళీగా ఉంది. పాట అయింది. ఇద్దరు ముగ్గురు లేచి ఆరాధించారు. తాతగారు లేచారు.

ఆయన ఆరాధన ఎప్పుడూ పొడుగే. ఆ రోజు మరీ పొడుగు. కొండలు దేవుడి ఎదుట మైనంలా కరుగుతాయన్నారు. సముద్రం వెనక్కి పోతుందన్నారు. సూర్యుడు కూడా ఆయన ఎదుట మసిబట్టిన దీపమన్నారు. మా అందరి నీతి మురికిగుడ్డ అన్నారు. బాగుంది, ఎప్పుడూ ఉండేవే. కానీ ప్రతి మాటకీ మధ్య ఖాళీ పెరుగుతోంది. ఏటి ఒడ్డున నిలబడి నీళ్ళలో కాలు పెట్టి తీసే మనిషిలా, ఏదో ఒక మాట దగ్గరికి వచ్చి మళ్ళీ వెనక్కి, మళ్ళీ సూర్యుడి దగ్గరికి. నాయనమ్మ చెయ్యి నా మోకాలి మీద ఉంది. గోళ్ళు దిగుతున్నాయి.

"పరిశుద్ధుడా," అన్నారు తాతగారు. ఆగారు. చాలాసేపు ఆగారు.

ఆడవాళ్ళు మందిరంలో నోరెత్తకూడదు. అది ఇంకో కట్టుబాటు.

"అడగండి," అంది నాయనమ్మ.

పెద్దగా ఏం అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేంత గొంతుతో అంది. గదిలో అందరికీ వినిపించింది. నేను కళ్ళు తెరిచి చూశాను. తాతగారి నోరు తెరుచుకుంది. "నా..." అన్నారు.

అప్పుడు దింపుల తాత పాట అందుకున్నాడు.

కళ్ళు మూసుకుని, గొంతెత్తి, తాతగారు ఎలా నేర్పారో అలాగే. సంఘమంతా అలవాటుగా కలిసింది. తాతగారు కాసేపు నిలబడ్డారు. తరవాత తనూ ఆ పాటే పాడుతూ కూర్చున్నారు.

రొట్టె విరిచారు. పళ్ళెం మగవాళ్ళ వైపు మొదలైంది. తాతగారి చేతికి వచ్చింది. ఆయన దాన్ని చూసి, ఏమీ తుంచుకోకుండా పక్కవాళ్ళకి అందించేశారు. పళ్ళెం మా వైపు వచ్చింది. నాయనమ్మ తుంచుకుంది. నోట్లో పెట్టుకోలేదు. చెంగు చివర ముడి వేసింది. నా వైపు ఒక చూపు చూసింది. నేను పైకప్పు పెంకుల్ని పరీక్షించడం మొదలుపెట్టాను.

గిన్నె తిరగడం కూడా అవకుండానే ఆవిడ లేచింది. గట్టు మీద అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కొంగుముడి గుప్పిట్లో పట్టుకుని నడుస్తోంది. నేను వెనక పరిగెడుతున్నాను.

వసారాలో అమ్మ నిలబడి ఉంది. కూర్చోకుండా నిలబడి ఉందంటేనే తెలిసిపోయింది.

"ఇప్పుడేనండి అత్తయ్యగారూ," అంది అమ్మ. "కూడిక అవలేదా, అమ్మ రాలేదా అని అడుగుతూనే ఉన్నాడు. వస్తారులే అన్నాను. 'నాన్నగారు లేచుంటారులే వదినా, ఇప్పట్లో తేలదు' అన్నాడు. నవ్వేడు కూడా. నేను జావ వేడి చేసొచ్చేసరికి..."

బాబాయి మొహం మీద ఆ నవ్వు ఇంకా కొంచెం ఉంది. ఈగలు కూడా ఉన్నాయి. నేను విసనకర్ర తీసుకుని విసరడం మొదలుపెట్టాను. ఆపమని ఎవరూ అనలేదు.

సోమవారం పాతిపెట్టారు. ఊరి చివర ఏటిగట్టు పక్కన మా సమాధుల దొడ్డి. సంఘమంతా వచ్చింది. ప్రార్థన బాగానే చేశారు. చచ్చిపోయినవాళ్ళని దూరం పెట్టే చాప మా సంఘంలో లేదు. అంతా అయ్యాక దింపుల తాత వచ్చి తాతగారి ముందు నిలబడ్డాడు.

"పొరపాటైపోయిందండి మాస్టారూ. మీరు ఇబ్బంది పడుతున్నారని... మీరే నేర్పేరు కదాని..."

"సరిగానే చేసేవు," అన్నారు తాతగారు.

"ఆయ్," అన్నాడు దింపుల తాత. ఇంకేమనాలో తెలియక గట్టెక్కి వెళ్ళిపోయాడు.

జనం వెళ్ళిపోయారు. నాయనమ్మ కదల్లేదు. కొత్త మట్టి పక్కన కూర్చుని కొంగుముడి విప్పింది. రొట్టె ఎండి అప్పడంలా పెళుసెక్కిపోయింది. దాన్ని మట్టి మీద, బాబాయి మొహం ఉండేచోటు లెక్కచూసుకుని పెట్టింది. అప్పుడు కొబ్బరి మట్ట మీంచి కాకి ఒకటి దిగింది. అటూ ఇటూ చూసి, రొట్టె ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

అవతలి గట్టు వాళ్ళు ఎవరైనా చూసుంటే సంతోషించేవారు. వాళ్ళలో పిండం కాకి ముడితే చనిపోయినవాళ్ళకి చేరినట్టు. మాలో అలా ఏమీ లేదు. మాలో కాకి అంటే కాకే. నాయనమ్మ మాత్రం అది ఎగిరిన వైపే చూస్తూ, "చేరింది," అంది.

తాతగారు ఆవిడ వెనక నిలబడి ఇదంతా చూస్తున్నారు. దొంగతనంగా తెచ్చిన రొట్టె, మట్టి మీద పెట్టిన రొట్టె, కాకి తిన్న రొట్టె. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క గురువారం పట్టే నేరాలు. ఇప్పుడు పేలతారు అనుకుని నేను సమాధి రాయి వెనక్కి తప్పుకున్నాను.

ఆయన మెల్లిగా వంగారు. ఆ వయసులో కూర్చోవడం కష్టం, ఒక చెయ్యి కొత్త మట్టి మీద ఆన్చి కూర్చున్నారు. ఆదివారం నుంచీ ఆయన ఏమీ తినలేదు.

"ఇంకా ఉందా?" అని అడిగారు.

నాయనమ్మ ఆయన మొహంలోకి చూసింది. కొంగు చివర చూసుకుంది. "లేదండీ," అంది. ఆయన చేతులు అప్పటికే చాచి ఉన్నాయి, రెండూ కలిపి, దోసిలిగా. ఆవిడ కాసేపు ఆ దోసిలి చూసి, కొంగు విప్పదీసి అందులో దులిపింది. ఏమైనా పడిందో లేదో నాకు కనిపించలేదు. ఆయన మాత్రం దోసిలి నోటికి చేర్చుకున్నారు.

తాతగారు ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. ఆదివారాలు లేచి ఎప్పటిలాగే ఆరాధించారు, కొంచెం పొట్టిగా. ఎవరైనా పొరపాటున ఏదైనా అడిగితే పాట ఎత్తుకోవడం మానేశారు. తను మాత్రం ఏమీ అడగలేదు, గురువారాలు కూడా. ఆయన అడగగా నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ దేవుణ్ణి కాదు, మా నాయనమ్మని.